నేను, మనం, మూడోవారు: బోవెన్ మాటలకు ఒక వ్యాఖ్యానం

అమెరికన్ మానసిక వైద్యుడు ముర్రే బోవెన్ 1954లో మేరీలాండ్ రాష్ట్రం బెథెస్డాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో ఒక కొత్త పని మొదలుపెట్టారు. స్కిజోఫ్రీనియా ఉన్న యువతులనూ వాళ్ల తల్లులనూ కలిపి వార్డులో ఉంచారు. కొన్నాళ్లకు తండ్రులనూ తోబుట్టువులనూ చేర్చారు. అనగా రోగిని ఇంటి నుంచి విడదీసి చూడటం మాని, ఇంటినే వార్డులోకి తెచ్చి చూశారు. 1959 దాకా సాగిన ఆ పరిశీలనలో ఆయనకు కనబడింది ఇది: ఒకరి మనఃస్థితి పూర్తిగా ఆ ఒక్కరిదే కాదు. తల్లీబిడ్డలు మరీ దగ్గరైనప్పుడు తండ్రి ఎడంగా జరిగేవాడు. తల్లిదండ్రులు ఒకరి మీద ఒకరు శ్రద్ధ పెట్టినప్పుడు బిడ్డ కొంత కుదుటపడేది.

తర్వాత జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ ఆయన దీన్ని సిద్ధాంతంగా కట్టారు. 1966లో ఆరు భావనలు ప్రకటించి, 1975 నాటికి మరో రెండు కలిపారు. ఆ మాటలు కౌన్సెలింగ్ గదుల్లోంచి యూట్యూబ్ ప్రసంగాల్లోకి, అక్కణ్ణుంచి ఇంటి తగాదాల్లోకి వచ్చాయి. వచ్చే దారిలో చాలావాటి అర్థం జారిపోయింది. అందుకే ఒక్కొక్క మాటనూ పట్టుకుని అది ఎంతవరకు చెబుతుందో, ఎక్కడ ఆగుతుందో చూడాలి. వరుస నేను పెట్టుకున్నది, బోవెన్‌ది కాదు.

ఆందోళన. ఈ సిద్ధాంతానికి ఇది పునాది. ఇందులో రెండు రకాలు. ఒకటి తాత్కాలికం: ఎదుట నిజంగా ఉన్న ప్రమాదానికి పుట్టేది, ప్రమాదం పోగానే పోయేది. ఇంటర్ ఫలితాల రోజు పొద్దున కడుపులో తిప్పినట్టు ఉండటం ఈ రకం. రెండోది దీర్ఘకాలికం: ఏమవుతుందో అన్న ఊహకు పుట్టేది, చివర లేనిది. రాత్రి నాన్న బండి చప్పుడు వినగానే ఇంట్లో అందరూ గొంతు తగ్గించేస్తారనుకోండి. ఆయన ఆ రోజు ఏమీ అనకపోవచ్చు. అయినా గొంతులు తగ్గుతాయి. బోవెన్ పట్టించుకున్నది ఈ రెండోదాన్నే. దీని లక్షణం ఒకటి గుర్తుంచుకోవాలి: ఇది ఒకరి దగ్గర ఆగదు, ఒకరి నుంచి మరొకరికి పాకుతుంది. ఎవరి దగ్గర పుట్టిందో వాళ్ల దగ్గరే బయటపడాలన్న నియమం లేదు.

వ్యవస్థ. కుటుంబాన్ని వ్యవస్థ అన్నప్పుడు చెప్పేది ఇంతే: ఒకరి నడతలో మార్పు వస్తే మిగతావాళ్ల నడత మారకుండా ఉండదు. ఇక్కడొక పొరపాటు తరచు జరుగుతుంది. అందరూ కలిసి నడిపేది కాబట్టి తప్పు అందరిదీ సమానం అనుకుంటారు. అది కాదు. వ్యవస్థ అన్నది పనితీరును వర్ణించే మాట, తప్పును పంచే మాట కాదు. కొట్టినవాడి బాధ్యత కొట్టినవాడిదే.

స్వవిభేదనం. సిద్ధాంతానికి గుండెకాయ ఇదే కాబట్టి దీని దగ్గర ఎక్కువసేపు ఆగాలి. మాట జీవశాస్త్రం నుంచి వచ్చింది. పిండంలో కణాలన్నీ ఒకే మూలం నుంచి పుట్టి, క్రమంగా కొన్ని కాలేయంగా, కొన్ని నాడులుగా వేరుపడతాయి. వేరుపడ్డాక కూడా ఒకే శరీరంలో ఒకదానితో ఒకటి కలిసే పనిచేస్తాయి. బోవెన్‌కు ఈ రెండో సగం మొదటి సగమంత ముఖ్యం. అనగా స్వవిభేదనం అంటే విడిపోవడం కాదు, సంబంధంలో ఉంటూనే తనదైన రూపు నిలుపుకోవడం.

దీనికి రెండు ముఖాలున్నాయి. లోపలి ముఖం: కలిగిన భావాన్నీ చేసిన ఆలోచననూ విడివిడిగా గుర్తుపట్టగలగడం. ‘నాకు కోపం వచ్చింది’ అన్నది ఒకటి, ‘ఆమె నన్ను అవమానించింది’ అన్నది మరొకటి. మొదటిది భావం, రెండోది నిర్ధారణ. ఈ రెండూ ఒకటే అనిపించే మనిషి ఎప్పుడూ భావం నడిపించిన వైపే నడుస్తాడు. బయటి ముఖం: ఎదుటివాళ్ల ఆందోళన తనను తాకినా, ఆ ఒత్తిడికి తన నిర్ణయాన్ని అప్పగించకుండా, అలాగని లేచి వెళ్లిపోకుండా ఉండగలగడం. ఆత్మజ్ఞానం అని మనం సాధారణంగా ఏకాంతంలో జరిగేదాన్ని అంటాం. బోవెన్ దృష్టిలో తనను తాను తెలుసుకోవడానికి గీటురాయి అమ్మానాన్నల ముందు కూర్చున్న పది నిమిషాలు.

దీని చుట్టూ అల్లుకున్న అపార్థాలను ఒక్కటొక్కటిగా తీసేయాలి. ఇది భావాలను అణచుకోవడం కాదు. అణచుకున్నవాడు భావాన్ని గుర్తుపట్టలేదు, దాచాడు. ఇది స్వార్థం కూడా కాదు. తన ఆలోచన ఏమిటో తెలిసిన మనిషి ఇంటి కోసం త్యాగం చేయగలడు, అది త్యాగమని తెలిసి చేస్తాడు. ఇది తిరుగుబాటు అసలే కాదు. అమ్మానాన్నలు చెప్పిన ప్రతిదానికీ ఎదురు నడిచేవాడి నిర్ణయాలను కూడా అమ్మానాన్నలే నడుపుతున్నారు, దిక్కు మాత్రమే మారింది. చదువుతో, జీతంతో, తెలివితేటలతో దీన్ని కొలవలేం. ఉమ్మడి కుటుంబంలో తక్కువ, వేరు కాపురంలో ఎక్కువ అనుకోవడానికీ ఆధారం లేదు. ఇది గోడల లెక్క కాదు. బోవెన్ దీనికి సున్నా నుంచి నూరు దాకా ఒక కొలబద్ద గీశారు. అది మార్కులు వేసే పరీక్ష కాదు, ఆలోచనకు ఆసరా. నూరుకు చేరిన మనిషి ఉంటాడని ఆయన అనుకోలేదు.

గట్టి నేను, అరువు నేను. పై మాటకు ఇవి అనుబంధం. ఆలోచించి, అనుభవంతో సరిచూసుకుని, ఒత్తిడి వచ్చినా మారనిదిగా ఏర్పడ్డ నమ్మకాలు గట్టి నేను. చుట్టూ ఉన్నవాళ్ల మెప్పు కోసం పట్టుకుని, వాళ్ల మొహం మారగానే వదిలేసేవి అరువు నేను. రెండూ అందరిలో ఉంటాయి. కష్టం ఎక్కడంటే, అరువు నేను దాంపత్యంలో చేతులు మారుతుంది. ఒకరు తమ మాట వదులుకుంటూ పోతే రెండోవారు నిబ్బరంగా, సమర్థులుగా కనిపిస్తారు. ఆ నిబ్బరంలో కొంత భాగం పక్కవారి నుంచి వచ్చిందని ఇద్దరికీ తెలియదు. ఇన్నాళ్లూ నీరసంగా ఉన్న ఇల్లాలు ఉద్యోగంలో చేరి కోలుకోగానే, అప్పటిదాకా ధీమాగా ఉన్న భర్త డీలా పడటం కొన్ని ఇళ్లలో చూస్తాం. దాని వెనక ఉన్నది చాలావరకు ఈ లెక్కే.

‘నేను’ మాట. తన స్థానం తాను చెప్పుకోవడం. అనగా వాక్యంలో కర్త ‘నువ్వు’ కాక ‘నేను’ కావడం. ‘నువ్వెప్పుడూ నన్ను అర్థం చేసుకోలేదు’ అన్నది నింద. ‘అమ్మా, నీకు కష్టంగా ఉందని తెలుస్తోంది. ఈ ఉద్యోగం మాత్రం నేను మానను. ఆదివారం ఎప్పటిలాగే వస్తాను’ అన్నది ‘నేను’ మాట. మూడు వాక్యాల్లో చివరిదాన్ని జాగ్రత్తగా చూడండి. అది లేకపోతే మిగిలేది ప్రకటన. అది ఉండటం వల్లే ఇది సంబంధంలో ఉండి చెప్పిన మాట అయింది. ఇలా చెప్పాక ఇంట్లో ఏం జరుగుతుందో కూడా బోవెన్ ముందే చెప్పారు: ముందు తప్పు పడతారు, తర్వాత పాతదారికి రమ్మంటారు, ఆ తర్వాత రాకపోతే ఏమవుతుందో చెప్పి భయపెడతారు. ఈ మూడు మెట్లూ దాటేదాకా ఎదురు దాడి చేయకుండా, మాట వెనక్కి తీసుకోకుండా ఉంటేనే ఆ స్థానం నిలుస్తుంది. మొదటి మెట్టు మీదే చాలామంది ఆగిపోతారు.

త్రిభుజం. ఇద్దరి మధ్య సంబంధం ప్రశాంతంగా ఉన్నంతసేపే ఇద్దరిది. ఆందోళన పెరగగానే మూడోవాళ్లను లోపలికి లాగుతుంది. కుటుంబంలో నిలకడగా ఉండగల అతి చిన్న అమరిక ముగ్గురిదని బోవెన్ అభిప్రాయం. ‘మీ నాన్న చూడవే, నాలుగు రోజులుగా నాతో మాట్లాడటం లేదు’ అని తల్లి పెళ్లయిన కూతురికి ఫోన్ చేస్తుంది. కూతురు అమ్మ పక్షాన నాన్నకు ఫోన్ చేసి నాలుగు మాటలంటుంది. అమ్మ గుండె తేలికవుతుంది. నాన్న ఇంకొంచెం బిగుసుకుంటాడు. రాత్రి నిద్ర పట్టనిది కూతురికి. గొడవ ఇద్దరిది, బరువు మూడోవారిది.

త్రిభుజంలో స్థానాలు మారుతుంటాయి. వాతావరణం బాగున్నప్పుడు ఇద్దరు లోపల, ఒకరు బయట. బయట ఉన్నవారు లోపలికి రావాలని చూస్తారు. వాతావరణం చెడ్డప్పుడు బయటి స్థానమే హాయి, లోపలివాళ్లే బయటపడాలని చూస్తారు. అత్తా కోడలూ కలిసిపోయి నవ్వుకుంటుంటే వెలితిగా తిరిగే మగాడే, వాళ్లు మాటా మాటా అనుకున్న రోజు ఆఫీసులో పని ఎక్కువుందంటాడు.

ఒక చిన్న లెక్క చూద్దాం. ముగ్గురున్న ఇంట్లో త్రిభుజం ఒకటే. నలుగురుంటే నాలుగు, ఐదుగురుంటే పది, ఎనిమిదిమంది ఉన్న ఉమ్మడి ఇంట్లో 56. అనగా పెద్ద కుటుంబంలో ఆందోళన పంచుకోవడానికి దారులెక్కువ, అది ఎక్కడ మొదలైందో కనిపెట్టడమూ అంతే కష్టం. చిన్న కుటుంబంలో దారులు తక్కువ కాబట్టి ఉన్న ఒక్క బిడ్డ మీదే భారమంతా పడవచ్చు. ఏది మేలని సిద్ధాంతం తీర్పు చెప్పదు.

త్రిభుజాన్ని కుట్ర అనుకోకూడదు. ఎవరూ పన్నాగం పన్ని చేయరు. ఆందోళన తనంతట తాను వెతుక్కునే దారి అది. దానిలోంచి బయటపడటమంటే ఇద్దరికీ దూరంగా జరగడం కాదు. ఇద్దరితోనూ మాట్లాడుతూ, ఒకరి మాట మరొకరికి మోయకపోవడం. ఆ కూతురు ‘ఆ మాట నాన్నతోనే అనమ్మా’ అని, ఫోన్ పెట్టేయకుండా ఇంకో పది నిమిషాలు వేరే కబుర్లు చెప్పి, మరునాడు నాన్నకు కూడా ఫోన్ చేసి ఆయన మోకాలి నొప్పి గురించి అడిగితే, త్రిభుజంలో ఉంటూనే దాని పని ఆపినట్టు.

నాలుగు దారులు. భార్యాభర్తల మధ్య పోగయిన ఆందోళన నాలుగు విధాల ఖర్చవుతుందని బోవెన్ లెక్క: పోట్లాట, ఎడం, ఒకరు అన్నీ మీద వేసుకుంటే మరొకరు కుంగిపోవడం, బిడ్డకు చేరడం. ఎక్కువ ఇళ్లలో ఇవి కలగలిసే ఉంటాయి. చివరిదానికి మాత్రం విడిగా పేరుంది.

ప్రక్షేపణం. తల్లిదండ్రులు తమ భయాన్ని బిడ్డలో చూడటం. ఇది మూడు అడుగుల్లో నడుస్తుంది. వీడిలో ఏదో లోపం ఉందేమోనన్న భయం మొదటిది. వాడు ఏం చేసినా ఆ భయానికి రుజువుగా కనిపించడం రెండోది. లోపం నిజంగా ఉన్నట్టే వాడితో మెలగడం మూడోది. కొన్నేళ్లకు బిడ్డ ఆ అంచనాకు తగ్గట్టే తయారవుతాడు. ఇది నిర్లక్ష్యానికి గుర్తు అనుకుంటారు. నిజానికి అతి శ్రద్ధ అందుకున్న బిడ్డకే ఇది ఎక్కువ తగులుతుంది. ఒకే ఇంట్లో పెరిగిన అన్నదమ్ముల్లో ఒకడు నిలదొక్కుకుని మరొకడు తడబడటానికి బోవెన్ చెప్పిన కారణాల్లో ఇదొకటి. ఈ చిన్న తేడాలు తరాల మీదుగా పేరుకుంటాయన్నది ‘తరాల సంక్రమణం’. తోబుట్టువుల వరుస గురించిన భావనను ఆయన వాల్టర్ టోమన్ 1961లో వెలువరించిన పుస్తకం నుంచి తీసుకున్నారు. సమాజానికీ ఇదే తర్కం వర్తింపజేసిన ఎనిమిదో భావన ఇక్కడ మనకు అవసరం లేదు.

తెగతెంపు. తేలని ముడిని విప్పకుండా, దూరంతో నెట్టుకురావడం. దూరం అంటే మైళ్లు కానక్కరలేదు. డాలస్‌లో ఉంటూ వారానికోసారి ఫోన్ చేసి, మనసులో మాట చెప్పుకునే కొడుకు తెగతెంపు చేసుకోలేదు. ఒకే బల్ల దగ్గర అన్నం తింటూ పదేళ్లుగా ‘ఊఁ’ తప్ప పలకని కొడుకు చేసుకున్నాడు. తెగతెంపును స్వాతంత్ర్యంగా పొరబడటం సులువు, ఎందుకంటే మొదట్లో ఊపిరి ఆడుతుంది. కానీ ఇంట్లో తీరని ఆ ఆకలిని మనిషి పెళ్లిలోకి, పిల్లల్లోకి, ఆఫీసులోకి మోసుకెళతాడు, అక్కడ అదే ఒత్తిడి మళ్లీ పుడుతుంది. ఒక హద్దు మాత్రం స్పష్టంగా గీయాలి. హింస నుంచి, లైంగిక వేధింపు నుంచి దూరం జరిగినవారికి ఈ మాట వర్తింపజేయకూడదు. అది ప్రాణరక్షణ.

బోవెన్ ఈ మాటలన్నీ ముందు తన మీదే ప్రయోగించుకున్నారు. టెన్నెసీ రాష్ట్రం వేవర్లీలో ఐదుగురు పిల్లల్లో పెద్దవాడిగా పుట్టిన ఆయన, తన ఇంటి త్రిభుజాల్లో తన చోటు మార్చుకోవడానికి చేసిన ప్రయత్నాన్ని 1967లో ఫిలడెల్ఫియా సదస్సులో వివరించారు. అది 1972లో రచయిత పేరు లేకుండా అచ్చయింది. తన దగ్గర చదువుకున్న యువ వైద్యుల్లో సొంత కుటుంబంతో ఈ పని చేసినవారు దాంపత్యంలోనూ వృత్తిలోనూ మెరుగుపడటం ఆయన గమనించి, శిక్షణలో దాన్ని భాగం చేశారు.

ఇక ఈ సిద్ధాంతంలో ఏది నిలిచింది, ఏది నిలవలేదు? స్వవిభేదనాన్ని కొలవడానికి ఎలిజబెత్ స్కౌరన్, మిర్నా ఫ్రీడ్‌లాండర్ 1998లో 43 ప్రశ్నల పట్టికను తయారుచేశారు. స్వవిభేదనం తక్కువైనవారిలో దీర్ఘకాలిక ఆందోళన, దాంపత్య అసంతృప్తి ఎక్కువగా కనిపించాయి. ఆ మేరకు సిద్ధాంతానికి బలం ఉంది. తరాల మీదుగా పేరుకుంటుందన్న వాదానికి అంత బలం దొరకలేదు. తల్లి దగ్గరితనాన్ని జబ్బుగా చూశారనీ, ఆలోచనకు పెద్దపీట వేసి ఇంట్లో ఆడమగల అధికార భేదాన్ని విడిచిపెట్టారనీ స్త్రీవాద చికిత్సకులు చేసిన విమర్శ న్యాయమైనదే. ‘నేను’ మాటకు చెల్లించే మూల్యం అందరికీ ఒకటి కాదు. సొంత సంపాదన లేని కోడలికి మూడో మెట్టు మీద వినపడే బెదిరింపు ఉత్త మాట కాకపోవచ్చు. ఆమెకు ‘ధైర్యంగా చెప్పు’ అని సలహా ఇచ్చేముందు, చెప్పాక ఆమె ఎక్కడ ఉంటుందో కూడా ఆలోచించాలి.

అన్నిటికంటే ముఖ్యంగా, ఈ సిద్ధాంతం ఎక్కడ మొదలైందో అక్కడే అది తప్పింది. స్కిజోఫ్రీనియా తల్లిదండ్రుల పెంపకం వల్ల రాదు. అది మెదడుకు సంబంధించిన జబ్బు, వంశపారంపర్యానికి అందులో పెద్ద పాత్ర ఉంది, దానికి మందులు కావాలి. ఇంటి వాతావరణం జబ్బు తిరగబెట్టడాన్ని ప్రభావితం చేయగలదు, జబ్బును పుట్టించదు. ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే పై మాటల్లో ఏ ఒక్కటీ ఆ తల్లి మీదికి విసరకండి. బిడ్డను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.