కారు కప్పుకి కుట్టిన గుడ్డ, అతికించిన గుడ్డ

కారు పైకప్పుకి లోపలివైపు ఉండే గుడ్డకి మన భాషలో సరైన పేరు లేదు. మెకానిక్కులు రూఫ్ లైనింగ్ అంటారు, కుషన్ వర్క్స్ వాళ్ళు ఉత్త 'టాప్' అని సరిపెట్టేస్తారు. బావున్నన్నాళ్ళూ దాన్ని తలెత్తి చూసేవాడుండడు. ఓ వేసవిలో అది పందిరి గుడ్డలా బొజ్జలు బొజ్జలుగా జారి, వెనక సీటు వాళ్ళ తల నిమరడం మొదలెట్టాక గానీ అలాంటిదొకటుందని మనకి గుర్తురాదు.

జనగామలో, మహబూబాబాద్‌లో (మా ఇళ్ళల్లో ఇప్పటికీ మానుకోటే), భూపాలపల్లిలో నాకు ఇలాంటి కార్లు తరచూ కనిపిస్తుంటాయి. ఇందులో పెద్ద రహస్యమేం లేదు. మన ఐటీ జనం కొన్నేళ్ళు వాడి అమ్మేసిన కార్లలో చాలా వాటికి రెండో కాపురం జిల్లాల్లోనే. 2016 అక్టోబరు 11న ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాక వీధుల్లో కార్లూ పెరిగాయి. భూపాలపల్లికైతే రైలే లేదు, పరకాల మీదుగా రోడ్డు పట్టుకుని పోవాల్సిందే. మనం వదిలించుకున్న కారు అక్కడ కొత్తగా బతకడం మొదలెట్టే వేళకి దాని కప్పులో ఉన్న ఫోముకి ఆయువు మూడుతుంది.

నా గోలల్లా ఒకటే. ఈ గుడ్డ ఒకప్పుడు మాసేది, చిరిగేది, ఎలకలు కొరికేవి. ఇలా మొత్తంగా ఊడి నెత్తిన పడేది కాదు. ఎందుకంటే అప్పుడు దాన్ని కుట్టేవాళ్ళు, ఇప్పుడు అతికిస్తున్నారు. ఆ మార్పు ఎప్పుడు, ఎందుకు వచ్చిందో చూద్దామని కూర్చుంటే వందేళ్ళు వెనక్కి పోవాల్సి వచ్చింది.

మొదట్లో కార్లకి కప్పే లేదు. మన గూడు బండికి (కచ్చురం అనేవాళ్ళు మా వైపు) ఉన్నపాటి నీడ కూడా వాటికి ఉండేది కాదు, మహా ఐతే మడతపెట్టే గుడ్డ టాపు. డబ్బున్నవాళ్ళ సంగతి వేరు లెండి. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఓ రోల్స్ రాయిస్ సింహాసన కారుకి ఆర్డరిచ్చి, అది చేతికి రాకుండానే 1911లో కన్నుమూశాడు. దాని బాడీ కట్టింది బార్కర్ అనే లండన్ కంపెనీ. వాళ్ళు అంతకుముందు రెండొందల ఏళ్ళుగా గుర్రపు బగ్గీలు చేస్తున్నవాళ్ళు. అంటే కారు లోపలి గుడ్డ పని, తోలు పని మొత్తం బగ్గీ దర్జీల చేతి నుంచే వచ్చిందన్నమాట.

మామూలు జనం కార్లకి గట్టి కప్పు వచ్చింది 1920లలో. జనరల్ మోటార్స్‌ని నడిపిన ఆల్‌ఫ్రెడ్ స్లోన్ లెక్క ప్రకారం 1919లో అమెరికాలో అమ్ముడైన కార్లలో మూసిన బాడీవి సుమారు 10 శాతమే. 1927కల్లా అవి 85 శాతం. ఐతే అప్పటికీ కప్పు మొత్తం రేకు కాదు. అంత పెద్ద రేకుని ఒక్క దెబ్బకి వంచే ప్రెస్సులు లేక మధ్యలో చెక్క చట్రం మీద గుడ్డే పరిచేవాళ్ళు. 1935 మోడళ్ళలో జనరల్ మోటార్స్ 'టరెట్ టాప్' పేరుతో నిండా ఉక్కు కప్పు పెట్టింది. నిండా రేకంటే ఏంటో రేకుల షెడ్డులో వాన పడినప్పుడు కూర్చున్నవాడికి చెప్పక్కర్లేదు. పైన ఎండ, లోపల డప్పు. మధ్యలో గుడ్డ లేకపోతే బతకలేం.

ఆ గుడ్డని నిలబెట్టిన పద్ధతి నాకు భలే నచ్చింది. పైజామాకి బొందు దూర్చడానికి ఓ మడత కుడతారు చూడండి, అచ్చం అలాంటి మడతల్ని గుడ్డకి వెనకవైపు వరసగా అడ్డంగా కుడతారు. ఒక్కో మడతలోంచీ ఒక్కో ఇనప కమ్మీ. కమ్మీ రెండు కొసలూ కప్పు పక్కల్లో ఉన్న రంధ్రాల్లో కూర్చుంటాయి. అంచుల్ని లాగి అద్దాల రబ్బరు బీడింగు కిందికి తోస్తారు. అంతే. బరువంతా కమ్మీలదీ కుట్టుదీ. గమ్ము వాడినా అంచుల్లోనే.

మనకి తెలిసిన అంబాసిడర్ ఈ జాతిదే. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనాని కోల్‌కతా పక్కన ఉత్తర్‌పారాలో 1950ల చివర్లో మొదలెట్టి, 2014 మే దాకా తయారు చేశారు. (కారు ఆగిపోయిన వారానికే తెలంగాణ వచ్చింది, రెంటికీ సంబంధం లేదు లెండి :)) ఆ కారు టాపు పాడైతే ఏ ఊళ్ళోనైనా కుట్టు మిషనున్నవాడు పాత గుడ్డ విప్పి, అదే కొలతకి కొత్తది కత్తిరించి, కమ్మీలు దూర్చి బిగించేవాడు. కంపెనీ నుంచి ఏ పార్టూ రానక్కర్లేదు. పాత గుడ్డే డ్రాయింగు, పాత గుడ్డే మాన్యువలు. జనగామ పక్కనే ఉన్న పెంబర్తిలో గుడి వాహనాలకి ఇత్తడి రేకు తొడిగే పనివాళ్ళున్నారు. ఒక ఆకారానికి తొడుగు వెయ్యడమనే విద్య ఈ ప్రాంతానికి కొత్తదేం కాదు.

గుడ్డ బదులు చాలామంది రెక్సిన్ వేయించేవాళ్ళు. ఇదో పిట్టకథ: రెక్సిన్ అనేది మాంచెస్టర్ దగ్గర హైడ్ అనే ఊళ్ళో తయారైన ఓ బ్రాండు. గుడ్డ మీద సెల్యులోజ్ నైట్రేట్ పూత పూసి తోలులా అమ్మేవాళ్ళు. మన దగ్గర ఆ పేరు పీవీసీ పూత గుడ్డకి అంటుకుని ఉండిపోయింది, డాల్డా, జిరాక్స్‌ల్లాగే.

మరి ఇంత చక్కటి పద్ధతి ఎందుకు పోయింది? కమ్మీల టాపు బిగించడానికి చేయి తిరిగిన మనిషి కావాలి, టైము కావాలి. లైనులో కారు ఆగదు కదా. అందుకని నార, రెజిన్ కలిపి అచ్చులో నొక్కిన అట్ట ఒకటి తయారు చేసి, దాని మీద పల్చటి ఫోము అంటించిన గుడ్డని గమ్ముతో అతికించారు. ఆ అట్టని కారులోకి తోసి నాలుగు క్లిప్పులు, లైటు, హ్యాండిళ్ళు బిగిస్తే పని ఐపోయింది. చూడ్డానికి నున్నగా ఉంటుంది, తలకి కాస్త ఎక్కువ జాగా వస్తుంది, చప్పుడూ తగ్గుతుంది. ఇవన్నీ నిజమైన లాభాలే, కాదనను. 1998లో వచ్చిన శాంత్రో, ఇండికాల తరం నుంచి మనకీ ఇదే మామూలైపోయింది.

చిక్కంతా మధ్యలో ఉన్న ఆ ఫోముతోనే. అది పాలీయురెథేన్. జర్మనీలో ఒట్టో బేయర్ బృందం 1937లో కనిపెట్టిన కుటుంబం. అందులో ఒక రకాన్ని గాలిలో తేమ తినేస్తుంది, ఇంకో రకాన్ని వేడీ ఆక్సిజనూ తింటాయి. అటక మీద దాచిన బూట్లు ఐదారేళ్ళకి తీసి వేసుకుంటే అడుగు పొడిపొడిగా రాలిపోతుంది చూశారా? పాత హెడ్‌ఫోన్ల స్పంజి చెవులకి నల్లగా అంటుకుంటుంది చూశారా? అదే వ్యాధి. ఎండలో నిలబెట్టిన కారు లోపల గంటసేపట్లో బయటికంటే ఇరవై డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది, కప్పు రేకు ఇంకా ఎక్కువ. మే నెల భూపాలపల్లిలో బయటే 44, 45 ఉంటుంది. ఇక లెక్క మీరే వేసుకోండి. గుడ్డ బానే ఉంటుంది, అట్టా బానే ఉంటుంది, రెంటినీ కలిపి పట్టుకున్నది మాత్రం పిండైపోతుంది. మన భాషలో చెప్పాలంటే మొత్తం సిస్టమ్ ఎవరూ మెయింటెయిన్ చెయ్యని ఒక్క లైబ్రరీ మీద ఆధారపడ్డం లాంటిది.

దీనికి జనం చేసే వైద్యాలు చూస్తే నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. గుండుసూదులు గుచ్చేవాళ్ళు, స్టాప్లర్ కొట్టేవాళ్ళు, సిరంజితో గమ్ము ఎక్కించేవాళ్ళు. గమ్ము పట్టుకునేది పిండైన ఫోముని, కాబట్టి వారానికి మళ్ళీ జారుతుంది, పైగా గుడ్డ మీద మరకలు. పిన్నుల సంగతి ఇంకా ఘోరం. కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కార్లలో ఆ సంచీ తలుపుల పైన, సరిగ్గా ఈ అట్ట అంచు వెనకాలే మడతపెట్టి ఉంటుంది. గుద్దుకున్నప్పుడు అది రెప్పపాటులో అట్ట అంచుని తోసుకుని కిందికి దిగాలి. అక్కడ పిన్నో స్క్రూవో ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. కారు పిల్లర్ మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసుంటే అక్కడ ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకండి, బ్యాటరీ తీసి కాసేపు ఆగకుండా.

సరైన పని ఒకటే, అట్టని బయటికి తియ్యడం. హ్యాచ్‌బ్యాక్ ఐతే వెనక డోరులోంచి వస్తుంది, సెడాన్ ఐతే ముందు సీట్లు పడుకోబెట్టి ఏటవాలుగా లాగాలి. ఎక్కడా వంగకూడదు. ఒకసారి మడత పడితే ఆ గీత జన్మలో పోదు. తరవాత పాత ఫోముని బ్రష్షుతో పూర్తిగా గీకెయ్యాలి. అసలు శ్రమంతా ఇక్కడే, ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. పొడి ఎక్కడ మిగిలితే రేపు అక్కడ బొజ్జ. కొత్త గుడ్డ ఫోము అంటించినదే, సాగేదే కావాలి. చొక్కా గుడ్డ లాంటిది వేస్తే గమ్ము ఇవతలికి ఊరుతుంది. వేడికి ఆగే రబ్బరు గమ్ము రెండు వైపులా పూసి, చేతికి అంటనంతగా ఆరాక, నడిమి నుంచి అంచులకి అరచేత్తో నొక్కుకుంటూ పోవాలి. సోఫాలకి వాడే చవక గమ్ము వేస్తే మొదటి ఏప్రిల్‌లోనే మెత్తబడుతుంది.

ఇదంతా చిన్న ఊరి కుషన్ షాపులో జరిగే పనే. కుట్టు మిషను ఇప్పటికీ ఉంది, కానీ సీటు కవర్లకీ ఆటో టాపులకీ. కారు కప్పు పని మిషను దగ్గర్నుంచి బల్ల మీదకి మారింది. పెద్ద షోరూముల్లో అడిగితే చాలాచోట్ల గుడ్డ మార్చం, అట్టతో సహా కొత్తది వేస్తాం అంటారు. పదేళ్ళ కారుకి ఆ బిల్లు చూసి జనం గుండుసూదులకి దిగడంలో తప్పు లేదనిపిస్తుంది.

నేను మాత్రం మాది జనగామలో చేయించాను. సరిగ్గా అదే బూడిద రంగు దొరకలేదు, పిల్లర్ల ప్లాస్టిక్కు కంటే ఓ పిసరు ముదురు. రెండు ఎండాకాలాలు దాటాయి, అంచులు ఇంకా పట్టే ఉన్నాయి. మూడోది చూడాలి.