తిరగవేయు కొమ్ముగల ద్రవపాత్ర: పేటెంటు పరీక్ష

నూనె, పెట్రోలు మున్నగు ద్రవములను నింపెడి కొన్ని డబ్బాలలో, వాడుక లేనప్పుడు కొమ్మును తలక్రిందు చేసి మూతిలోనికి దింపి మరమూతతో బిగించి, వంపవలసినప్పుడు పైకి తీసి మరల నిలువుగా బిగించుకొను ఏర్పాటు కలదు. ఇట్టి కల్పనకు పేటెంటు కోరువాడు "తిరగవేయదగిన" అను విశేషణమాత్రమున రక్షణ పొందుట దుర్లభము. కొమ్ము ఇరుతెఱంగుల ఇముడుటకు కారణమైన అంచు, మర, అడ్డుబిళ్ళ ఏ రూపమున నున్నవో హక్కుకోరికలో వివరింపవలయును.

1997లో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానము ష్రైబర్ వ్యాజ్యమున ఇందలి మర్మమును విశదపరచెను. మొక్కజొన్న పేలాలను కొద్దికొద్దిగా రాల్చు శంకువు ఆకారపు మూతకు పేటెంటు కోరగా, నూనెడబ్బా కొమ్మును వర్ణించిన హార్జ్ అనువాని పూర్వపు స్విస్ పేటెంటును పరీక్షాధికారి ఎదుట నిలిపెను. నూనెకై పుట్టినదైనను ఆ నిర్మాణము పేలాలను సైతము అట్లే రాల్పగలదు కావున నూతనత్వము లేదని న్యాయస్థానము నిర్ణయించెను. ఒక న్యాయమూర్తి భిన్నాభిప్రాయము ప్రకటించిరి. ప్రయోజనము ఎంత క్రొత్తదైనను పాత ఆకృతికి క్రొత్త హక్కు నీయరాదన్న ఈ తీర్పు న్యాయసమ్మతమే.

భారతదేశమున 1970 నాటి పేటెంట్ల చట్టము 3(ఎఫ్) సెక్షను, తెలిసిన పరికరములు ఒక్కొక్కటి తన పాత పనినే స్వతంత్రముగా చేయునట్లు ప్రక్కప్రక్కన చేర్చుటను కల్పనగా అంగీకరింపదు. కావున తిరగవేసిన కొమ్మే మూతికి బిరడాయై కారుటను అరికట్టినచో, ఆ పరస్పర సహకారమును దరఖాస్తుదారు స్పష్టముగా చూపుట మేలు.