స్వతంత్ర దేశం, సర్కారీ రేడియో

1947 ఆగస్టులో దేశంతో పాటు రేడియో కూడా రెండు ముక్కలైంది. ఆలిండియా రేడియోకు అప్పుడున్న తొమ్మిది కేంద్రాల్లో లాహోర్, పెషావర్, ఢాకా పాకిస్తాన్ వాటాకు వెళ్లాయి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, తిరుచిరాపల్లి, లక్నో మనకు మిగిలాయి. ఈ ఆరింటి ప్రసారాలు అందేది జనాభాలో 11 శాతానికి, విస్తీర్ణంలో 2.5 శాతానికి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం గొంతు విప్పింది. హైదరాబాద్‌లోని దక్కన్ రేడియో 1950లో కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. ఇన్ని పంపకాలు, ఇన్ని విలీనాలు జరిగిన ఆ కాలంలో తేల్చాల్సిన అసలు ప్రశ్న మాత్రం వాయిదా పడింది. రేడియో ప్రభుత్వానిదా, ప్రజలదా? స్వాతంత్ర్యం వచ్చిన తొలి మూడేళ్లలో మనం చేసిన వాయిదాల్లో ఇంత ఖరీదైనది మరొకటి లేదని నా అభిప్రాయం.

రేడియో మొదటి నుంచీ సర్కారు సొత్తేమీ కాదు. 1927లో బొంబాయి, కలకత్తా కేంద్రాలను ప్రారంభించింది ఒక ప్రైవేటు కంపెనీ. అది మూడేళ్లకే దివాలా తీస్తే 1930లో ప్రభుత్వం తీసుకుంది. మద్రాసులో 1930 నుంచి 1938 దాకా రేడియో నడిపింది నగర కార్పొరేషనే. బీబీసీ నుంచి వచ్చిన లయొనెల్ ఫీల్డెన్ 1936లో ఆలిండియా రేడియో అన్న పేరు ఖాయం చేశాడు కానీ, దాన్ని ప్రభుత్వ శాఖ గొడుగు కింద నుంచి బయటికి తేలేకపోయాడు. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. పరాయి పాలకులు చేసిన 1935 చట్టం కూడా రాష్ట్రాలకు, సంస్థానాలకు ప్రసార హక్కును సరైన కారణం లేకుండా నిరాకరించరాదని 129వ సెక్షన్‌లో రాసుకుంది. షరతులు చాలానే ఉన్నా, తలుపు తెరిచే ఉంది. మన రాజ్యాంగం మాత్రం తపాలా, టెలిగ్రాఫ్, టెలిఫోన్ల సరసన ప్రసారాలను కేంద్ర జాబితా 31వ అంశంలో చేర్చి ఆ తలుపు మూసేసింది.

ఆ రోజుల్లో అంతకంటే గత్యంతరం లేదనే వాదన ఉంది, అది తేలిగ్గా తోసిపుచ్చదగ్గది కాదు. విభజన మంటలు, కాశ్మీర్ యుద్ధం, హైదరాబాద్ సమస్య ఒక్కసారే మీద పడ్డాయి. 1948 సెప్టెంబరు 17న నిజాం తన లొంగుబాటును ప్రకటించింది దక్కన్ రేడియోలోనే. అలాంటి సాధనాన్ని ఏ ప్రభుత్వం చేజార్చుకుంటుంది? బీబీసీ తరహా స్వయంప్రతిపత్తి తనకు ఇష్టమేననీ, అది వెంటనే సాధ్యం కాదనీ నెహ్రూ 1948 మార్చిలో రాజ్యాంగ సభలో చెప్పారు. ఆయన చిత్తశుద్ధిని శంకించే పని లేదు. కానీ అదే సభ, అవే గడ్డురోజుల్లో, ఎన్నికల సంఘాన్నీ కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్‌నూ మంత్రుల చేతికందని ఎత్తున నిలబెట్టింది. ఓట్ల లెక్కను, ఖజానా లెక్కను కాపాడటానికి దొరికిన తీరిక, జనం చెవిన పడే మాటను కాపాడటానికి దొరకలేదు.

ప్రభుత్వ డబ్బు లేకుంటే మారుమూల పల్లెకు రేడియో చేరేదా అని మరో ప్రశ్న. చేరేది కాదు, ఒప్పుకోవాలి. బాలాంత్రపు రజనీకాంతరావు, దేవులపల్లి కృష్ణశాస్త్రి వంటివారు ఆ శాఖలో ఉంటూనే తెలుగు చెవికి కొత్త రుచులు నేర్పారు. అయితే డబ్బివ్వడం వేరు, పెత్తనం చేయడం వేరు. 1954లో ప్రభుత్వ ధనంతోనే ఏర్పడిన సాహిత్య అకాడెమీకి స్వయంప్రతిపత్తి దక్కింది. రేడియోకు దక్కకపోతే ఏమవుతుందో త్వరలోనే తెలిసింది. సమాచార మంత్రి బి.వి. కేస్కర్‌కు సినిమా పాటలు గిట్టకపోవడంతో 1952 తర్వాత అవి ఆకాశవాణిలో దాదాపు మూగబోయాయి, శ్రోతలు రేడియో సిలోన్‌కు మళ్లారు. 1957లో వివిధభారతి వచ్చాక గానీ పరిస్థితి చక్కబడలేదు. కేస్కర్ శాస్త్రీయ సంగీతానికి ఎంతో మేలు చేసిన మనిషి. ఒక మంచి మనిషి అభిరుచే దేశమంతటి శ్రోతలపై ఇంత బరువుగా పడితే, చెడ్డ రోజు వస్తే ఏమిటి? 1975 జూన్ 26 ఉదయం ఆ రోజు వచ్చింది. ఎమర్జెన్సీ ప్రకటన రేడియోలో మోగింది, ఆ తర్వాత 21 నెలలు రేడియో పాలకుల మాటే మాట్లాడింది.

మనలాగే వాయిదా వేసిన దేశం ఐర్లాండ్. 1926లో డబ్లిన్‌లో మొదలైన రేడియోను తపాలా శాఖకు అప్పగించింది. దానికి విడిగా ఒక అథారిటీ ఏర్పడేసరికి 1960 వచ్చింది. ఈ అనుభవాలన్నీ కళ్లముందున్నందునేమో, స్కాట్లాండ్ ప్రభుత్వం 2014 స్వాతంత్ర్య రిఫరెండానికి ముందే లెక్క రాసిపెట్టుకుంది. దేశం విడివడితే అక్కడి బీబీసీ సిబ్బంది, ఆస్తుల పునాది మీద 2017 జనవరి 1 నుంచి కొత్త ప్రజా ప్రసార సంస్థ రావాలంది. ఓటర్లు కాదన్నారు కాబట్టి అది పరీక్షకు నిలవలేదు. అయినా ఆ ప్రశ్నను జెండా ఎగిరే రోజుకు ముందే వేసుకోవడం సరైన వరస.

మన దేశంలో రేడియోను ప్రభుత్వ శాఖ పెత్తనం నుంచి తప్పించే పని తలకెత్తుకున్నది మన తెలుగువాడు, వి.పి. సింగ్ ప్రభుత్వంలో సమాచార మంత్రి పర్వతనేని ఉపేంద్ర. ఆయన హయాంలో 1990లో ప్రసార భారతి చట్టం పార్లమెంటు ఆమోదం పొందింది. ఆ ప్రభుత్వం కూలింది, చట్టం కాగితాల్లో నిద్రపోయింది. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పినా అది కదలడానికి మరో రెండేళ్లు పట్టింది. 1997 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చింది. వెంటనే సాధ్యం కాదని నెహ్రూ అన్న రోజు నుంచి లెక్కిస్తే నలభై తొమ్మిదేళ్లు.