ప్రసవానంతర రక్తస్రావం: కారణాల అన్వేషణ చరిత్ర

కాన్పు తర్వాత బాలింతకు కొన్ని వారాలపాటు రంగు మారుతూ క్రమంగా తగ్గే స్రావం సహజమే కాగా, అది తగ్గకుండా సాగినా, తగ్గినట్లే తగ్గి మళ్లీ ఎర్రగా పెరిగినా అస్వస్థతకు గుర్తు. తొలి 24 గంటల్లో జరిగే అధిక రక్తస్రావాన్ని ప్రాథమికమనీ, ఆ తరువాత 12 వారాలలోపు కనిపించేదాన్ని ద్వితీయమనీ వైద్యులు విభజిస్తారు.

మాయ ఊడిన చోట తెరుచుకున్న రక్తనాళాలను, వాటిని చుట్టి అల్లుకున్న గర్భాశయ కండర పోగులు బిగుసుకుని నొక్కి మూసివేస్తాయి. ఈ బిగువు లోపించడం, అంటే గర్భాశయ శైథిల్యం, ప్రాథమిక రక్తస్రావానికి అన్నిటికన్నా తరచుగా కనబడే కారణం. మాయ ముక్కలు లోపల నిలిచిపోవడం, ప్రసవ మార్గం చీరుకుపోవడం, రక్తం గడ్డకట్టకపోవడం తక్కిన కారణాలు.

శైథిల్యాన్ని అదుపు చేసే మందు, రై ధాన్యపు కంకులకు పట్టే ఎర్గాట్ అనే శిలీంధ్రం నుంచి వచ్చింది. ఐరోపా మంత్రసానులకు ముందే తెలిసిన ఈ శిలీంధ్రపు పొడిని 1808లో అమెరికన్ వైద్యుడు జాన్ స్టెర్న్స్ కాన్పు త్వరగా కావడానికి సిఫారసు చేయగా, సడలని నొప్పుల వల్ల మృత శిశువులు పుట్టడం, గర్భాశయం చిరగడం చూసిన డేవిడ్ హోసాక్ 1824లో, దీనిని బిడ్డ పుట్టాక రక్తస్రావాన్ని ఆపడానికే పరిమితం చేయాలని హెచ్చరించాడు. ఈ హెచ్చరిక ప్రసూతి వైద్యాన్నే మలుపు తిప్పిందనవచ్చు. బిడ్డ లోపల ఉండగా ప్రాణాంతకమైన ఆ బిగువే, బిడ్డ బయటికి వచ్చాక తల్లి ప్రాణానికి రక్ష. 1932లో చాసర్ మోయిర్ బాలింతల గర్భాశయంలో చిన్న బెలూన్ ఉంచి, సంకోచ పీడనాన్ని గీతలుగా నమోదు చేసి, ఎర్గాట్ నీటి సారంలో అప్పటికి తెలియని శక్తిమంతమైన పదార్థమేదో ఉందని గమనించాడు. హెరాల్డ్ డడ్లీతో కలిసి 1935లో దానిని ఎర్గోమెట్రిన్‌గా వేరుచేశాడు. మెదడు అడుగునున్న పీయూష గ్రంథి విడుదల చేసే, గర్భాశయాన్ని బిగించే ఆక్సిటోసిన్‌ను 1953లో విన్సెంట్ డు విన్యో ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేశాడు. నేడు ఆసుపత్రుల్లో మొదట వాడేది ఇదే.

ద్వితీయ రక్తస్రావానికి మాయ శేషాలు, గర్భాశయపు లోపొరకు సోకే ఇన్‌ఫెక్షన్, మాయ అంటుకున్న చోటి రక్తనాళాలు పూర్వస్థితికి కుదించుకోకపోవడం ప్రధాన హేతువులు. వంశపారంపర్య లోపాన్ని ఇక్కడ విస్మరించరాదు. ఎరిక్ ఫాన్ విల్లెబ్రాండ్ 1926లో ఫిన్లండ్‌కు చెందిన ఓలండ్ దీవుల కుటుంబంలో వర్ణించిన వ్యాధిలో, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఒక ప్రోటీన్ కొరవడుతుంది. దాని స్థాయి గర్భధారణ కాలంలో చాలామందిలో పెరిగి, కాన్పయ్యాక కొద్ది వారాల్లో మళ్లీ పడిపోతుంది గనుక, ప్రసవ సమయంలో ఏ ఇబ్బందీ లేని స్త్రీకి సైతం ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాక రక్తస్రావం మొదలుకావచ్చు.