ధర కోసం వేచి ఉండటం: గుంటూరు మిర్చి వ్యాపారంలో ఆశకు ఆధారాలు

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో పత్తి, మిర్చి వ్యాపారం సాగించినవారి చరిత్రను పరిశీలిస్తే, చెడ్డ కాలంలో ఆశ వదలకుండా నిలబడటం వారి విషయంలో స్వభావం మీద కంటే ఏర్పాట్ల మీదే ఎక్కువగా ఆధారపడిందని స్పష్టమవుతుంది. సరుకు పాడవకుండా దాచే చోటు, బాకీ వసూలు కాకపోయినా మరుసటి ఏటికి పెట్టుబడి పెట్టగల పరపతి వ్యవస్థ, తెగులు సోకిన రకానికి బదులు మరో విత్తనం ఇవ్వగల పరిశోధన కేంద్రం అందుబాటులో ఉన్నంతవరకు ధర పడిపోయిన ఏడు కూడా కొట్లు తెరిచే ఉన్నాయి. ఇవి లేని కాలంలో ఎంత ధైర్యవంతుడైనా చేయగలిగింది తక్కువే.

ఈ సీమలో అలాంటి కాలానికి గుర్తు 1832-33 నాటి నందన కరువు. డొక్కల కరువు, గుంటూరు కరువు అనే పేర్లు కూడా ఉన్న ఆ ఏడాదిలో, సుమారు 5 లక్షల జనాభా గల గుంటూరు జిల్లాలో 2 లక్షల మంది దాకా మరణించారని అంచనా. అప్పటికి నమ్మదగిన కాలువా లేదు, రైలూ లేదు. పొరుగు సీమ నుంచి ధాన్యం బండ్ల మీద రావాలి, ఆ బండ్లను లాగే ఎడ్లకు మేత దొరకాలి. మేతే లేని ఏడాది వ్యాపారం దానంతట అదే ఆగిపోయింది. బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయి డెల్టాకు నీటి భరోసా ఏర్పడినా, పత్తి, మిర్చి పండే మెట్ట, అంటే వర్షాధారపు ఎగువ భూమి, ఇంకో శతాబ్దం పాటు వాన మీదే ఆధారపడింది.

మెట్టను లోక విపణితో ముందుగా ముడివేసింది పత్తి. 1861-65 మధ్య అమెరికాలో జరిగిన అంతర్యుద్ధం వల్ల ఇంగ్లండు మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు భారతదేశపు పత్తి ధర విపరీతంగా పెరిగి, యుద్ధం ముగియగానే పడిపోయింది. గుంటూరు, కృష్ణా ప్రాంతాల గోధుమవన్నె పత్తి కాకినాడ రేవు మీదుగా ఎగుమతి కావడంతో కోకనాడ పత్తి అన్న పేరుతోనే బయటి విపణికి తెలిసింది. 1899లో బెజవాడ నుంచి గూడూరు వైపు రైలు మార్గం పూర్తయ్యాక చీరాల, ఒంగోలు మద్రాసుకు చేరువయ్యాయి. దూరపు ధర ఇక్కడి రైతు భాగ్యాన్ని నిర్ణయించే పద్ధతి ఆ కాలంలోనే స్థిరపడింది.

మిర్చి కథ వేరు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసుల ద్వారా అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ పంట గుంటూరు సీమలో పెద్ద వాణిజ్య పంటగా ఎదగడానికి 1967లో నాగార్జునసాగర్ నుంచి నీరు విడుదలై, కుడి కాలువ పల్నాడు, ప్రకాశం మెట్టల్లోకి పారడం ఎంతో తోడ్పడింది. పండు మిరపకాయ కోసి, కల్లంలో, అంటే ఎండబెట్టే చదును నేలపై, రోజుల తరబడి ఆరబోసి, తేమ సుమారు పదో పదకొండో శాతానికి తగ్గాక బస్తాలకు ఎత్తుతారు. రంగు చెడి తెల్లబారిన కాయను తాలు అని వేరు చేస్తారు. దాని ధర ఎర్రకాయ ధరలో కొంత భాగమే. మామూలు గదిలో దాచితే వేసవి వేడికి రంగు వెలసి, వానాకాలపు తేమకు బూజు పట్టి, పురుగు చేరి మంచి కాయ కూడా చవకబారుతుంది. అందువల్ల శీతల గిడ్డంగులు రాకముందు జనవరి నుంచి మే వరకు గుంటూరు మార్కెట్ యార్డుకు చేరిన సరుకు దాదాపు అంతా తొలకరిలోపే చేతులు మారవలసి వచ్చేది, కొనేవాడికి ఈ సంగతి తెలుసు కాబట్టి బేరం అతని చేతిలోనే ఉండేది.

యార్డులో బేరానికి కేంద్రం కమీషన్ కొట్టు. రైతు తెచ్చిన టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, దింపించి, కొనుగోలుదారుకు చూపించి, కాటా వేయించి, డబ్బు ఇప్పించి, అమ్మకం విలువలో కొంత శాతం తీసుకొనే మధ్యవర్తి సంస్థ అది. 1933 నాటి మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం, తరువాత 1966 నాటి ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం లైసెన్సులు, తూకాలు, రుసుములను నియంత్రణలోకి తెచ్చినా, కొట్టుకు రెండో ముఖం మిగిలే ఉంది: ఎరువుకు, పురుగుమందుకు, కూలికి రైతుకు ముందుగా డబ్బు ఇచ్చేది ఆ కొట్టే. ధర పడిన ఏడు రైతు బాకీ తీర్చలేడు. గట్టిగా అడిగితే మరుసటి ఏడు అతని సరుకు వేరే కొట్టుకు పోతుంది, అడగకపోతే కొట్టు యజమాని తాను ఎగుమతిదారు దగ్గరో బ్యాంకు దగ్గరో తెచ్చిన సొమ్ముకు వడ్డీ కడుతూ పోవాలి. చాలామంది పాత బాకీని పద్దులో నిలిపి, కొత్త పెట్టుబడి ఇచ్చి, వచ్చే పంట మీద ఆశ పెట్టుకున్నారు. ఆ నమ్మకంలో ఉదారత ఉండవచ్చు, వడ్డీ లెక్క కచ్చితంగా ఉంది; రెండింటినీ విడదీసి చూస్తే ఈ వ్యాపారం అర్థం కాదు.

ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాలలో గుంటూరు చుట్టూ పెరిగిన శీతల గిడ్డంగులు ఈ లెక్కను మార్చాయి. ఇప్పుడు వందకు పైగా ఉన్న ఈ గిడ్డంగులను స్థానికులు ఏసీలనే అంటారు, వాటి నుంచి బయటికొచ్చిన కాయ ఏసీ మిర్చి. 10 డిగ్రీల సెల్సియస్‌కు లోపు ఉండే చీకటి గదుల్లో, గాలి తిరిగేలా అంతస్తులుగా పేర్చిన బస్తాల్లో, కాయ రంగు నెలల తరబడి చెడదు. గిడ్డంగి ఇచ్చే రసీదుపై బ్యాంకు అప్పు ఇస్తుంది కాబట్టి, సరుకు అమ్మకుండానే కొంత సొమ్ము చేతికి వస్తుంది. నేడు ధర లేకపోతే దసరాకో సంక్రాంతి లోపో వస్తుందేమో చూడవచ్చు. అయితే ఈ వెసులుబాటుకు ఖరీదుంది: బస్తాకు అద్దె, అప్పుకు వడ్డీ, ఆరి తగ్గే బరువు అన్నీ ధర మీద కూడుతాయి, కొత్త పంట వచ్చే వేళకు కూడా ధర పెరగకపోతే నష్టం రెట్టింపవుతుంది.

ఎన్నాళ్లు ఆగినా ఫలితం లేని సంక్షోభం పత్తిలో వచ్చింది. 1970లలో సంకర రకాలు వ్యాపించి, 1980లలో కృత్రిమ పైరెత్రాయిడ్ మందులను అదుపు లేకుండా చల్లడంతో, సహజ శత్రువులు నశించి తెల్లదోమ విజృంభించింది. తరువాత మందులకు లొంగని శనగపచ్చ పురుగు కాయలను తొలిచింది. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు దేశం దృష్టికి వచ్చాయి. పురుగుమందు అమ్మిన దుకాణదారే అప్పిచ్చినవాడైన చోట, పంట పోయాక ఆశ పెట్టుకోవడానికి రైతుకు మిగిలినది మరో చల్లింపు, మరో అప్పు మాత్రమే. దీన్ని కేవలం సాగు వైఫల్యమనడం అన్యాయం. నష్టపు భారమంతా ఒక్కడి మీదే పడేలా పేర్చిన వ్యాపార పద్ధతి అందులో ప్రధాన దోషి.

ఆ సంక్షోభం నుంచి బయటపడే దారిలో కొంత భాగం గుంటూరు పక్కనే ఉంది. 1922లో మొదలైన లాం పరిశోధన క్షేత్రం తెల్లదోమను తట్టుకొనే కాంచన పత్తి రకాన్ని ఇచ్చింది, మిర్చిలో భాగ్యలక్ష్మి అనే జి-4 నుంచి ఎల్‌సీఏ-334 వరకు రకాలను రైతులకు అందించింది. యార్డులో ఇప్పటికీ '334' అంటే అంకె కాదు, ఒక ధర.

ఎగుమతిదారులకు పరీక్ష 2003లో ఎదురైంది. భారతీయ కారం ఉత్పత్తుల్లో సూడాన్ అనే నిషిద్ధ రంగు ఉందని ఫ్రాన్సు గుర్తించాక యూరప్ ఆంక్షలు పెట్టింది, స్పైసెస్ బోర్డు ఎగుమతులకు పరీక్ష తప్పనిసరి చేసింది. కల్తీ చేయనివారికి కూడా ఆ పరీక్ష ఖర్చు, ఆలస్యం పడ్డాయి, కాని ధ్రువపత్రంతో అమ్మడం వారికి తరువాత బలమైంది.

2016లో మంచి ధర చూసి సాగు పెరగగా, 2017 వేసవిలో ధర అంతకుముందు స్థాయిలో సగానికి దిగువకు పడింది. కేంద్రం క్వింటాలుకు 5,000 రూపాయల చొప్పున కొనే మార్కెట్ జోక్యం ప్రకటించగా, రాష్ట్రం క్వింటాలుకు 1,500 రూపాయల సాయం ఇచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో పంట వచ్చే వేళకే యార్డు మూతపడితే ఏసీలే ఆదుకున్నాయి. 2021-22లో నల్ల తామరపురుగు పూతను, పిందెను నాశనం చేసింది. పంట తగ్గి ధర ఎక్కింది, సరుకు దాచినవాడు గెలిచాడు, తోట పోగొట్టుకున్నవాడికి ఆ ధరతో పనే లేకపోయింది. 2025 ఫిబ్రవరిలో ధర మళ్లీ పతనమై, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల జోక్యపు ధర నిర్ణయించింది.

ఈ ఏర్పాట్లలో అందరికీ సమాన భాగం లేదు. కౌలు రైతుకు కౌలు డబ్బు, పెట్టుబడి బాకీ, కోత కూలి ఒక్కసారే మీద పడతాయి కాబట్టి, అతని కాయ ఏసీకి చేరకుండా కల్లం నుంచి నేరుగా కాటాకు పోతుంది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు గుర్తింపు కార్డు కల్పించింది, కాని అది భూయజమాని సమ్మతి మీద ఆధారపడటంతో చాలామందికి అందలేదు. ధర లేని నెలల్లో ఏసీ గదుల్లో ఉండే నిలవలో వ్యాపారుల, భూమి గల రైతుల బస్తాలే ఎక్కువ. కౌలు రైతు కాయ అప్పటికే, ఆ నెల ఉన్న ధరకే, అమ్ముడుపోయి ఉంటుంది.