మందుకు చావని పురుగు

1987 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఒక చట్టాన్ని కొట్టేసింది. బళ్లో జీవపరిణామం చెబితే దాంతోపాటు ‘సృష్టి శాస్త్రం’ కూడా చెప్పి తీరాలంటూ లూసియానా రాష్ట్రం చేసిన చట్టం అది. శాస్త్రమని పేరు పెట్టుకున్నా లోపలున్నది మతబోధేనని కోర్టు తేల్చింది. తగాదా కొత్తదేం కాదు. 1925 జూలైలోనే టెన్నెసీలోని డేటన్ ఊళ్లో స్కోప్స్ అనే పంతులుకు డార్విన్ పాఠం చెప్పినందుకు 100 డాలర్ల జరిమానా పడింది.

లూసియానా తీర్పు వచ్చిన ఏడే గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. పైరెథ్రాయిడ్ పురుగుమందులు ఎన్నిసార్లు కొట్టినా శనగపచ్చ పురుగు చావడం లేదు. కంది, శనగ కాయల్ని తొలిచేదీ అదే కాబట్టి పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థకు ఆ పురుగు పాత శత్రువే. పరీక్షిస్తే మందును తట్టుకునే శక్తి బాగా పెరిగిందని తేలింది. పురుగుకు ఎవరూ నేర్పలేదు. చచ్చేవి చచ్చాయి, పుట్టుకతో ఏదో తేడా ఉండి బతికిపోయినవి పిల్లల్ని పెట్టాయి. 1859లో డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం ఇదే.

ఆ ఏడు అక్టోబరులోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. ఇరవై ఏళ్లకు, 2007లో, స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ల లెక్క ప్రకటించింది. అప్పట్లో సుమారు 90 బల్క్‌డ్రగ్ కంపెనీల వ్యర్థజలాలు చేరిన చోటది. శుద్ధి అయ్యాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రో! బిళ్ల మింగిన రోగి రక్తంలోనూ అంత ఉండదు. ఆ నీళ్లు ఇసుకవాగు, నక్కవాగు, ఆపైన మంజీరలో కలిసేవి. 2013లో వచ్చిన మరో పరిశోధనలో, ఆ కేంద్రంలో దొరికిన బాక్టీరియా రకాల్లో నూటికి 86 రకాలు ఇరవై లేదా అంతకు మించిన యాంటీబయాటిక్స్‌కు లొంగలేదు.

సృష్టివాదులు దీన్ని కాదనరు. ఇది చిన్న మార్పు, పురుగు పురుగుగానే ఉంది కదా అంటారు. దేవుడు జాతికీ జాతికీ మధ్య గీసిన గీత చెరగలేదంటారు. ఆ గీత ఎక్కడుందని అడిగితే మాత్రం ప్రతిసారీ కాస్త అవతలికి జరుగుతుంది. పటాన్‌చెరు వాగు బురదలో 2011లో పరిశోధకులకు నిరోధక జన్యువులు, వాటిని మోసే ప్లాస్మిడ్లనే డీఎన్‌ఏ వలయాలు దండిగా కనిపించాయి. జాతి వేరైనా ఈ ప్లాస్మిడ్లను బాక్టీరియా ఇచ్చిపుచ్చుకుంటాయి. ఇక చిన్న మార్పుకూ పెద్ద మార్పుకూ యంత్రాంగం ఒకటే, పట్టే కాలమే వేరు.

మనకు నవ్వుకునే హక్కేమీ లేదు లెండి. 2018లో డార్విన్ సిద్ధాంతం తప్పన్నది అప్పటి మన కేంద్ర సహాయ మంత్రి సత్యపాల్ సింగ్. ఆయన మాటకు క్రైస్తవ సృష్టివాదంతో పనిలేదు. 2023లో పదో తరగతి పుస్తకంలోంచి జీవపరిణామ పాఠాన్ని ఎన్‌సీఈఆర్‌టీ తీసేస్తే, తీయొద్దంటూ 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు లేఖ రాశారు.

పాఠం తీసినా విత్తనాల ప్యాకెట్‌లో అది ఉండనే ఉంది. 2002లో వచ్చిన, పురుగును చంపే జన్యువు చొప్పించిన బీటీ పత్తికి చాలా ఏళ్లు 450 గ్రాముల గింజలతోపాటు 120 గ్రాముల నాన్‌బీటీ పొట్లం ఇచ్చేవారు. చేను చుట్టూ వేస్తే మామూలు పురుగులూ బతికి, తట్టుకునే వాటితో జతకట్టి, నిరోధకత ఆలస్యమవుతుందని లెక్క. సంగారెడ్డి సహా పత్తి పండే జిల్లాల్లో ఆ పొట్లం విప్పి వేసిన రైతులు తక్కువే. గులాబీరంగు పురుగు బీటీని దాటేసింది.