బీసీఎల్11ఏ ఎన్‌హాన్సర్

మానవ 2వ క్రోమోజోమ్‌పై, బీసీఎల్11ఏ జన్యువు లోపలే ఉన్న నియంత్రక డీఎన్ఏ ఖండం. ఎన్‌హాన్సర్లు ప్రొటీన్లకు సంకేతాలు కావు. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లనే ప్రొటీన్లు వాటికి అతుక్కున్నప్పుడు సంబంధిత జన్యువు చురుకుదనం పెరుగుతుంది.

కణాన్ని బట్టి పనితీరు: శరీరంలోని దాదాపు అన్ని కణాల్లో ఈ ఖండం ఉంటుంది. అయితే ఎర్ర రక్తకణాలుగా మారబోయే కణాల్లో ఇక్కడి క్రోమాటిన్ (ప్రొటీన్లకు చుట్టుకుని ఉన్న డీఎన్ఏ) సడలి, గాటా1 వంటి ఫ్యాక్టర్లకు చోటిస్తుంది. బీ లింఫోసైట్లకూ బీసీఎల్11ఏ ప్రొటీన్ అవసరమే, కానీ అవి దాని తయారీకి ఈ ఎన్‌హాన్సర్‌పై ఆధారపడవు.

హీమోగ్లోబిన్‌పై ప్రభావం: బీసీఎల్11ఏ ప్రొటీన్ కూడా ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరే. శిశువు పుట్టాక అది గామా గ్లోబిన్ జన్యువులను అణచివేస్తుంది. దాంతో పిండదశ హీమోగ్లోబిన్ తగ్గి, పెద్దల హీమోగ్లోబిన్ పెరుగుతుంది.

చికిత్స: ఈ ఎన్‌హాన్సర్‌ను వివరించిన పరిశోధన 2013లో వెలువడింది. రోగి రక్త మూలకణాలను బయటికి తీసి, ఈ ఎన్‌హాన్సర్‌లో గాటా1 అతుక్కునే చోటును క్రిస్పర్ అనే జన్యు సవరణ సాధనంతో దెబ్బతీసి, తిరిగి ఎక్కిస్తే పిండదశ హీమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. ఈ పద్ధతిలో రూపొందిన క్యాస్‌జెవీ చికిత్సను 2023లో బ్రిటన్, అమెరికా, పెద్దల హీమోగ్లోబిన్‌లోని లోపం వల్ల వచ్చే సికిల్‌సెల్ వ్యాధికి ఆమోదించాయి. జన్యువును పూర్తిగా తొలగించకుండా, ఒక్క కణవంశంలోనే దాని జోరు తగ్గించడం ఈ విధానంలోని గొప్పదనం.